వర్ణాభ్యాసం: కైశోరదశ బోధనలో రంగుల వినియోగం

ఉపోద్ఘాతం

అక్షరాలు దిద్దుకొనే పిల్లవాడి చేతికి రంగుపెన్సిళ్లు ఇవ్వడానికి ఏ ఉపాధ్యాయుడూ సంకోచించడు. తొమ్మిదో తరగతి విద్యార్థికి అవే పెన్సిళ్లు ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం సందేహం కలుగుతుంది. రంగులు వేయడం పసితనపు వినోదమనీ, నూనూగు మీసాల వయస్సులో అది కాలహరణమనీ పాఠశాలల్లో స్థిరపడిన అభిప్రాయం. ఈ అభిప్రాయంలో కొంత సత్యం లేకపోలేదు. ఎవరో గీసి ఇచ్చిన బొమ్మలో గీత దాటకుండా రంగు నింపడం పదిహేనేళ్ల విద్యార్థికి నేర్పేది స్వల్పం. కాని రంగులను పూర్తిగా తొలగించిన తరగతిగది కూడా ఒక బలమైన బోధనసాధనాన్ని చేజార్చుకొంటున్నది. రంగు నింపడం ఎప్పుడు వినోదంగా మిగిలిపోతుంది, ఎప్పుడు విద్యగా మారుతుంది అనే ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. సికింద్రాబాదులోని బోయిన్‌పల్లి కేంద్రంగా అభివృద్ధి చెందిన ప్రత్యేక విద్యాపద్ధతి, వర్ణశబ్దం చుట్టూ అల్లుకొన్న ప్రాచీన భావన, ప్రాచ్యపాఠశాలల్లో ఆచరణీయమైన రెండు మూడు పాఠాలు ఇందుకు ఆధారాలు.

వయస్సు - వ్యవహారం

మొదట పరిభాషను గురించి ఒక మాట. పది మొదలు పంతొమ్మిది ఏళ్ల వరకు ఉన్న వయస్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రత్యేకదశగా గుర్తించింది. నేటి తెలుగులో దీనిని 'కౌమారదశ' అంటున్నారు. సంస్కృత సంప్రదాయంలో కౌమారం అయిదో ఏటితో ముగుస్తుంది. పదో ఏటి వరకు పౌగండం, పదిహేనో ఏటి వరకు కైశోరం, అటుపైన యౌవనం. నేటి వాడుక రూఢమైపోయింది కనుక దానిని తప్పుపట్టడం అనవసరం. అయితే పాత విభాగం ఒక హెచ్చరికగా ఉపకరిస్తుంది. కైశోరంలో ఉన్నవాడిని కౌమారంలో ఉన్నవాడిగా చూడరాదు. రంగుల అభ్యాసం మీద పైతరగతుల విద్యార్థులు చూపే విముఖతకు మూలం రంగుల్లో లేదు. తమను చిన్నపిల్లలుగా చూస్తున్నారనే భావనలో ఉన్నది.

ఈ సమస్య అతి తీవ్రంగా ఎదురయ్యేది మేధోవైకల్యం ఉన్న విద్యార్థుల తరగతుల్లో. శరీరానికి పదహారేళ్లు వచ్చినా చదువులో మొదటిమెట్ల వద్ద ఉన్న విద్యార్థికి శిశుతరగతి పుస్తకమే ఇవ్వడం సులభం. కాని ఆ సౌలభ్యంలో ఒక అవమానం దాగి ఉన్నది. ఆ అవమానాన్ని తప్పించి విద్యను మాత్రం నిలుపుకోవడం ఎట్లా అనే ప్రశ్నకు సమాధానం వెదకిన స్థలాల్లో బోయిన్‌పల్లి ముఖ్యమైనది.

బోయిన్‌పల్లిలోని ప్రత్యేక విద్యాపద్ధతి

బోయిన్‌పల్లిలోని మనోవికాస్‌నగర్‌లో 1984లో కేంద్రప్రభుత్వం జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. వైకల్యాన్ని గురించిన దృష్టీ, చట్టమూ మారిన క్రమంలో ఇది తరువాతి కాలంలో జాతీయ మేధోదివ్యాంగుల సాధికారత సంస్థగా పేరు మార్చుకొన్నది. ప్రత్యేక విద్యోపాధ్యాయుల శిక్షణ, పరిశోధన, బోధనసామగ్రి రూపకల్పన ఈ సంస్థ ప్రధాన కార్యక్రమాలు.

ఈ సంస్థ రూపొందించిన మూల్యాంకన సాధనాల్లో 'ఫంక్షనల్ అసెస్‌మెంట్ చెక్‌లిస్ట్ ఫర్ ప్రోగ్రామింగ్' దేశమంతటా ప్రత్యేక పాఠశాలల్లో వ్యాప్తి పొందింది. విద్యార్థి ఏమి చేయలేడు అని కాక, నిత్యజీవితానికి పనికివచ్చే పనుల్లో ఏమి చేయగలడు అని లెక్కించడం దీని ప్రత్యేకత. ఇందులోని అంశాలు వ్యక్తిగత, సాంఘిక, విద్యావిషయక, వృత్తిసంబంధ, వినోద విభాగాలుగా ఉంటాయి. స్థాయిలు పూర్వప్రాథమికం నుండి మాధ్యమికం మీదుగా వృత్తిపూర్వ స్థాయి వరకు సాగుతాయి. పదకొండు మొదలు పద్నాలుగేళ్లవారు మాధ్యమిక స్థాయికి, పదిహేను మొదలు పద్దెనిమిదేళ్లవారు వృత్తిపూర్వ స్థాయికి చెందుతారు. ఒక స్థాయిలోని అంశాల్లో 80 శాతం సాధించిన విద్యార్థి పైస్థాయికి వెళతాడు. వినోదవిభాగంలోని అంశాలను మాత్రం ఈ లెక్కలో కలపరు.

ఈ చివరి నియమం ప్రస్తుత విషయానికి ఎంతో ఉపయుక్తం. రంగులు వేయడం వినోదమూ కావచ్చు, విద్యావిషయమూ కావచ్చు, వృత్తికి పునాదీ కావచ్చు. చేసే పని ఒకటే అయినా ఏ విభాగంలో చేయిస్తున్నదీ ఉపాధ్యాయుడికి స్పష్టంగా తెలియాలి. మధ్యాహ్నవేళ విద్యార్థి తనకు నచ్చిన బొమ్మకు నచ్చిన రంగు వేసుకొంటే అది వినోదం. దానికి మార్కులు అక్కరలేదు. అదే పనిని పాఠమని చెప్పినప్పుడు, పని ముగిసేసరికి విద్యార్థి ఇంతకుముందు చేయలేని దేనిని చేయగలుగుతున్నాడో చూపవలసిన బాధ్యత ఉపాధ్యాయుడి మీద పడుతుంది. రంగు నింపిన కాగితాలు గోడనిండా అంటించినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు.

ప్రత్యేక విద్యలో రంగుల బోధనకు మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది జతపరచడం: ఎర్రని వస్తువును ఎర్రని వస్తువు పక్కన చేర్చడం. రెండవది గుర్తించడం: 'ఎరుపు ఏది?' అన్నప్పుడు చూపడం. మూడవది పేరు చెప్పడం: 'ఇది ఏ రంగు?' అన్న ప్రశ్నకు మాటతో బదులివ్వడం. మూడో మెట్టు నుండి బోధన ప్రారంభించడం సామాన్య తరగతుల్లో జరిగే పొరపాటు. చేతికి అందించే సహాయానికీ ఒక క్రమం ఉన్నది. మొదట చేయిపట్టి చేయించడం, తరువాత సైగ, ఆపైన మాట, చివరకు ఏ సహాయమూ లేకపోవడం. చేయిపట్టి అక్షరాలు దిద్దించి క్రమంగా చేయి వదిలే మన పాతబడుల పద్ధతికీ దీనికీ సామ్యం స్పష్టం.

వయస్సుకు తగిన సామగ్రి ఈ పద్ధతిలో రెండో సూత్రం. గీతలోపల రంగు నింపే హస్తనైపుణ్యం పదహారేళ్ల విద్యార్థికి అవసరమైనప్పుడు, బాతుబొమ్మకు బదులు గుడ్డమీద అచ్చువేసిన అంచు, దీపావళి ప్రమిద, శుభలేఖ కవరు, సంక్రాంతి ముగ్గు ఇవ్వవచ్చు. నైపుణ్యం అదే, గౌరవం వేరు. పైగా ఈ వస్తువులకు ఇంట్లోనో బజారులోనో విలువ ఉంటుంది. తన చేతిపని ఇతరులకు ఉపయోగపడడం చూసిన విద్యార్థికి పనిమీద కలిగే శ్రద్ధ వేరు.

మూడో సూత్రం రంగును జీవితంతో కలపడం. బోయిన్‌పల్లిలోనే పెద్ద కూరగాయల మార్కెట్ ఉన్నది. టమాట పచ్చిగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, దోరగా ఉన్నప్పుడు పసుపు-నారింజ, పండినప్పుడు ఎరుపు. ఈ మూడింటిని మూడు బుట్టల్లో వేరుచేయడం వృత్తిపూర్వ స్థాయి విద్యార్థికి రంగులపాఠం, వృత్తిపాఠం కూడా. పచ్చిది నిలువ ఉంచడానికి, పండినది నేటి వంటకు అన్న తెలివి రంగుద్వారా కలుగుతున్నది. కూడలిలోని దీపాల సంగతీ అంతే. ఎరుపును పేరుపెట్టి చెప్పగలిగినా, ఎర్రదీపం చూసి ఆగని విద్యార్థి ఎరుపును నేర్చుకొన్నట్లు కాదు.

ఈ మూడు సూత్రాల సారం ఒక్కటే. రంగు ఒక అర్థాన్ని మోసినప్పుడు, విద్యార్థి ఆ అర్థాన్నిబట్టి రంగును ఎన్నుకొన్నప్పుడు వర్ణాభ్యాసం విద్య అవుతున్నది. మేధోవైకల్యం ఉన్నవారి తరగతిలో తేలిన ఈ సత్యం తక్కిన తరగతులకూ వర్తిస్తుంది.

వర్ణశబ్దం - ప్రాచీనుల దృష్టి

రంగు అర్థవాహకం కావాలన్న భావన భారతీయులకు కొత్తది కాదు. అమరకోశం నానార్థవర్గంలో వర్ణశబ్దానికి ద్విజాదులు, శుక్లాదులైన రంగులు, స్తుతి, అక్షరం అనే అర్థాలు చెప్పబడ్డాయి. రంగుకూ అక్షరానికీ ఒకే పేరు ఉండడం గమనింపదగినది. రెండూ కంటికో చెవికో తోచే గుణాలు. రెండూ తమకు మించినదానిని తెలిపేవి.

నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు రసాలకు రంగులు నిర్దేశించాడు. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు కపోతవర్ణం, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. కామసూత్ర వ్యాఖ్యాత యశోధరుడు ఆలేఖ్యకళకు చెప్పిన ఆరు అంగాల్లో వర్ణికాభంగం ఒకటి. దానికి ముందు రూపభేదం, ప్రమాణం, భావం మొదలైనవి చెప్పబడడం వల్ల రంగు ఒంటరి అలంకారం కాదని తేలుతున్నది.

లేఖనసంప్రదాయం మరింత సన్నిహితమైన నిదర్శనం. తెలుగునాట తాటాకుమీద గంటంతో గీసిన అక్షరం వెంటనే స్పష్టంగా కనిపించదు. మసి పూసి తుడిచినప్పుడు గాడిలో నిలిచిన నలుపే అక్షరమై కనబడుతుంది. కాగితపు ప్రతుల్లో లేఖకులు అధ్యాయాంత వాక్యాలను, విరామచిహ్నాలను గైరికంతో ఎరుపుచేసేవారు. తప్పుపడిన అక్షరాలను హరిదళంతో పసుపుపూసి కప్పేవారు. ఋగ్వేద ప్రతుల్లో స్వరచిహ్నాలు ఎర్రసిరాతో వేసినవి అనేకం. ఎరుపు విభాగాన్నీ స్వరాన్నీ, పసుపు దిద్దుబాటునూ తెలిపాయి. చదివేవాడి కన్ను ఎక్కడ ఆగాలో ఆ రంగులు చెప్పాయి. నేటి విద్యార్థి పుస్తకంలో ముఖ్యవాక్యం మీద పసుపురంగు పూస్తున్నాడు. కాని ఏది ముఖ్యమో నిర్ణయించకుండా పుట అంతా పూసినప్పుడు ఆ రంగుకు అర్థం పోతున్నది.

ఆధునికుల వాదప్రతివాదాలు

రంగు నింపే పుస్తకాలను తీవ్రంగా ఆక్షేపించిన విద్యావేత్తల్లో విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ప్రముఖుడు. 1947లో వెలువడిన 'క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్' గ్రంథంలో, ఇతరులు గీసిన రూపాల్లో రంగు నింపడం పిల్లల స్వతంత్ర సృజనకు అడ్డుతగులుతుందని ఆయన వాదించాడు. చిత్రకళ నేర్పడమే లక్ష్యమైనప్పుడు ఈ వాదానికి బలం ఉన్నది. వ్యాకరణమో భూగోళమో నేర్పడం లక్ష్యమైనప్పుడు సిద్ధంగా ఉన్న రూపం ఆటంకం కాదు. విద్యార్థి శ్రద్ధను అది అసలు విషయం మీద నిలుపుతుంది.

అనుకూలపక్షంలో చూపే పరిశోధనలను వాటి హద్దుల్లోనే గ్రహించాలి. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన జాకీ ఆండ్రేడ్ 2009లో ప్రకటించిన ప్రయోగంలో 40 మంది ఒక విసుగుపుట్టించే ఫోను సందేశాన్ని విన్నారు. వింటూ కాగితంమీది ఆకృతులను పెన్సిలుతో నింపినవారు ఊరకే విన్నవారికంటే 29 శాతం ఎక్కువ విషయాలు జ్ఞప్తికి తెచ్చుకొన్నారు. వారు వయోజనులు, సంఖ్య స్వల్పం, విన్నది పాఠం కాదు. 2005లో అమెరికాలో కరీ, కాసర్ అనే పరిశోధకులు 84 మంది కళాశాల విద్యార్థులపై జరిపిన ప్రయోగంలో మండలాకృతికిగాని గళ్ల నమూనాకుగాని రంగు నింపినవారి ఆందోళన, తెల్లకాగితం మీద ఇష్టంవచ్చినట్లు రంగులు వేసినవారికంటే ఎక్కువగా తగ్గింది. క్రమబద్ధమైన ఆకృతి మనస్సును కుదుటపరుస్తుందని దీనివల్ల ఊహించవచ్చు. ముగ్గుతో పరిచయం ఉన్నవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. అయితే ఆందోళన తగ్గడం వేరు, పాఠం రావడం వేరు. మొదటిది రెండోదానికి దారి తీయవచ్చు, తీయకపోవచ్చు.

వైద్యవిద్యలో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ కనిపిస్తున్నది. విన్ కాపిట్, లారెన్స్ ఎల్సన్ 1977లో వెలువరించిన 'ది అనాటమీ కలరింగ్ బుక్' పెద్దల చదువుకోసమే తయారైనది. అందులో అవయవం పేరుకూ దాని బొమ్మకూ విద్యార్థి ఒకే రంగు వేస్తాడు. పేరును రూపంతో ముడివేయడమే అక్కడి పాఠం. అది వర్ణాభ్యాసం పసితనానికే పరిమితం కాదనడానికి చాలిన నిదర్శనం.

ప్రాచ్యపాఠశాలలో వర్ణాభ్యాసం

సంస్కృతాంధ్రాలు బోధించే తరగతుల్లో దీనిని రెండు పాఠాలతో నిరూపించవచ్చు.

మొదటిది సంధి. అకారానికి పసుపు, ఇకారానికి నీలం, ఉకారానికి ఎరుపు అని తరగతిలో ముందుగా నిర్ణయించుకోవాలి. హ్రస్వదీర్ఘాలకు రంగు ఒకటే. 'విద్యా + అర్థి', 'కవి + ఇంద్రుడు' అనే పదాల్లో కలిసే అచ్చులకు విద్యార్థులు రంగులు వేస్తారు. పసుపు పసుపుతో, నీలం నీలంతో కలిసి అదే రంగు మిగులుతుంది. సవర్ణదీర్ఘం అన్న పేరు అప్పుడు సార్థకంగా వినిపిస్తుంది. తరువాత 'మహా + ఇంద్రుడు', 'పర + ఉపకారం' ఇవ్వాలి. పసుపు నీలంతో కలిసి ఆకుపచ్చ అవుతుంది, అది ఏకారం. పసుపు ఎరుపుతో కలిసి నారింజ అవుతుంది, అది ఓకారం. ఈ పోలిక కేవలం చమత్కారం కాదు. పాణిని సవర్ణసంజ్ఞను ఉచ్చారణస్థాన ప్రయత్నాల సామ్యం మీద నిలిపాడు. అకారం కంఠ్యం, ఇకారం తాలవ్యం, ఏకారం కంఠతాలవ్యం. ఉకారం ఓష్ఠ్యం, ఓకారం కంఠోష్ఠ్యం. రెండు స్థానాల కలయిక రెండు రంగుల కలయికలో కంటికి కనబడుతున్నది. అష్టాధ్యాయి ఆరో అధ్యాయం మొదటి పాదంలో 87, 101 సూత్రాలు చెప్పిన భేదాన్ని విద్యార్థి తన చేతితో చేసి చూసినట్లవుతుంది. 'మహా + ఋషి' వద్ద, యణాదేశం వద్ద ఈ పోలిక ఆగిపోతుంది. ఆగినచోటును దాచకుండా, ఎందుకు ఆగిందో విద్యార్థులను అడగడమే మేలు.

రెండవది ఛందస్సు. గణాలను వల్లించడం పరీక్షకు సరిపోతుంది కాని వృత్తాల మధ్య చుట్టరికం వల్లెలో బయటపడదు. గళ్లకాగితం మీద ఉత్పలమాలకు 20, చంపకమాలకు 21 గళ్లు కొట్టించి, గురువుకు ఎరుపు, లఘువుకు పసుపు వేయించాలి. ఒకటి భ ర న భ భ ర వ. రెండోది న జ భ జ జ జ ర. గణాల పేర్లు చూస్తే రెండింటికీ పొత్తు లేదనిపిస్తుంది. రెండు పట్టీలను కుడికొసలు సమంగా ఉండేట్లు కిందుమీదుగా పెట్టినప్పుడు, ఉత్పలమాలలోని తొలి గురువుస్థానంలో చంపకమాలలో రెండు లఘువులు ఉన్నాయనీ, తక్కిన 19 గళ్లు ఒక్కటేననీ విద్యార్థే కనుగొంటాడు. యతిస్థానం పదినుండి పదకొండుకు ఎందుకు జరిగిందో ఎవరూ చెప్పనక్కరలేదు. శార్దూల మత్తేభాలకూ ఇదే సంబంధం ఉన్నది. తొలి గురువు రెండు లఘువులు కాగా, యతి పదమూడునుండి పద్నాలుగుకు జరుగుతుంది. దానిని ఉపాధ్యాయుడు చెప్పకుండా విద్యార్థులకే వదలడం మంచిది.

ఇతర విషయాల్లోనూ అవకాశాలు ఉన్నాయి. సరిహద్దు పంచుకొనే జిల్లాలు ఒకే రంగులో ఉండకుండా 33 జిల్లాల తెలంగాణ పటాన్ని అతి తక్కువ రంగులతో నింపమన్నప్పుడు భూగోళపాఠం తర్కపాఠం అవుతుంది. 1852లో ఫ్రాన్సిస్ గుత్రీ ఇంగ్లండు కౌంటీల పటానికి రంగులు వేస్తూ నాలుగు రంగులు చాలుతాయని గమనించాడు. దానిని 1976లో గాని అపెల్, హాకెన్‌లు కంప్యూటర్ సహాయంతో నిరూపించలేకపోయారు. రంగు వేసే పనిలో నుండి నూటయిరవైనాలుగేళ్ల గణితసమస్య పుట్టిందని తెలిసిన విద్యార్థి ఆ పనిని పిల్లచేష్ట అనుకోడు.

పాటించవలసిన నియమాలు

ఈ అభ్యాసంలో కొన్ని జాగ్రత్తలు అవసరం. మొదటిది వర్ణాంధత్వం. ఎరుపు ఆకుపచ్చల భేదం తెలియని విద్యార్థులు ప్రతి పాఠశాలలోనూ ఉండవచ్చు; బాలికల్లోకంటే బాలురలో ఇది ఎక్కువ. వారిలో కొందరికి తమ లోపం సంగతి తామెరుగరు. రంగుమీదే అర్థమంతా నిలిపితే వారు పాఠానికి దూరమౌతారు. రెండవది ఖర్చు. రంగుపెన్సిళ్లు కొనలేని ఇళ్లనుండి వచ్చే విద్యార్థి తరగతిలో చిన్నబోరాదు.

ఈ రెంటికీ పరిహారం విష్ణుధర్మోత్తర పురాణం తృతీయఖండంలోని చిత్రసూత్రంలోనే లభిస్తున్నది. అందులో వర్తన, అనగా ఛాయను కల్పించే విధానం, మూడు విధాలుగా చెప్పబడింది. ఆకు ఈనెల వంటి గీతలతో పత్రజం, అతి సన్నని గీతలతో ఐరికం, చుక్కలతో బిందుజం. ఒక్క నల్లపెన్సిలుతోనే మూడు అర్థాలను మూడు వర్తనలతో వేరుచేయవచ్చు. గురువుకు గీతలు, లఘువుకు చుక్కలు వేసినా పైన చెప్పిన ఛందోపాఠం చెడదు. అవసరమైనది భేదమే గాని రంగు కాదని దీనివల్ల స్పష్టం.

మూడవది కాలపరిమితి. నలభై అయిదు నిమిషాల తరగతిలో రంగు వేయడానికి పదిహేను నిమిషాలు మించరాదు. తక్కినది, వేసినదానిని చదవడానికీ వాదించడానికీ కేటాయించాలి. నాలుగవది మూల్యాంకనం. రంగు చక్కగా పరచుకొన్నదా అని కాక, ఆ రంగు ఎందుకు వేశావు అని అడగాలి. తప్పురంగు వేసి సరైన కారణం చెప్పిన విద్యార్థి, ఒప్పురంగు వేసి కారణం చెప్పలేనివాడికంటే ముందున్నాడు.

ముగింపు

వర్ణాభ్యాసం దానంతట అది విద్య కాదు, వ్యర్థమూ కాదు. దానిని నిర్ణయించేది విద్యార్థి వయస్సు కాదు. రంగు వెనుక అతడు తీసుకొనే నిర్ణయం. టమాటలను మూడు బుట్టల్లో వేరుచేస్తున్న వృత్తిపూర్వ విద్యార్థీ, ఉత్పలమాల పట్టీని చంపకమాల పట్టీకింద జరుపుతున్న ప్రాచ్యపాఠశాల విద్యార్థీ ఒకే పని చేస్తున్నారు. ఇద్దరూ కంటికి కనబడే భేదంనుండి కనబడని భేదాన్ని గ్రహిస్తున్నారు. ఇద్దరినీ వారి వయస్సుకు తగిన గౌరవంతో ఆ పనికి పురికొల్పడం ఉపాధ్యాయుడి కర్తవ్యం. ఈ విషయంలో సామాన్యపాఠశాల ప్రత్యేకపాఠశాలకు నేర్పవలసినదానికంటే దానినుండి నేర్చుకోవలసినదే ఎక్కువగా ఉన్నది.